ఒక్కపొద్దు పుణ్యంలో సగం

ఆ సోమవారం పొద్దున కబడ్డీ కోచ్ వీరస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. తార్నాక చౌరస్తాలో పరశురాంను కలుసుకోవాలి. భార్య రాహేలు ఉడికించి ఇచ్చిన గుడ్లు వాడిచేత తినిపించాలి. యూనివర్సిటీ గ్రౌండ్‌కు తీసుకుపోయి, ఎండ ముదిరేలోపు సాధన చేయించాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. వీరస్వామి కూడా అలాగే అనుకున్నాడు.

పరశురాం సరదాకు ఆడేవాడు కాదు. జీతమిచ్చి ఆడించే లీగ్‌లో 'గోదావరి గర్జన' జట్టుకు కొన్నేళ్లుగా ఆడుతున్నాడు. కూతకొచ్చినవాడి కాలు వాడి చేతికి చిక్కితే ఇక వదలడు. కానీ నిరుడు భుజం దెబ్బతిని సీజనంతా బెంచీ మీదే కూర్చున్నాడు. శ్రావణం చివర్లో జట్టు మేనేజర్ దివాకర్ వచ్చి, బరువు తూచి, ఒళ్లు పరీక్షించి, ఉంచుకోవాలో వదిలేయాలో తేలుస్తాడు. ముప్పైకి దగ్గరపడ్డవాడిని ఈసారి వదిలేస్తే ఇంకే జట్టూ అడగదు. వాడికి వచ్చిన విద్య కాళ్లు పట్టడం ఒక్కటే, అదీ ఆఫీసుల్లో పనికొచ్చే రకం కాదు.

వీరస్వామి డబ్బా మూత తీశాడు. పరశురాం గుడ్ల వైపు ఆశగా చూసి, తల తిప్పుకున్నాడు.

"వద్దు సార్. ఒక్కపొద్దున్న."

వీరస్వామికి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. స్కూటర్ స్టార్ట్ కాకపోతే తిడతాడు, అయితే ఇంత ఆలస్యమెందుకని మళ్లీ తిడతాడు. ఈసారి కారణం కూడా దొరికింది. ఇదెవరు చెప్పిన తెలివని నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. సెలక్షన్ అయ్యేదాకా కొడుకును రోజూ ఒక్కపొద్దు, అంటే పగలు అన్నం ముట్టని ఉపవాసం, ఉంచుతానని తల్లి ప్రమీలమ్మ మల్లన్నకు మొక్కుకుంది.

"మొక్కింది ఆమె, కడుపు మాడేది నీదా?" అన్నాడు వీరస్వామి. అక్కడే ప్రాక్టీసు రద్దు చేసి, స్కూటర్ను వాడు ఉండే గది వైపు తిప్పాడు.

ఆ గది మెట్రో స్టేషన్ వెనక సందులో, వాసంతి అనే ఆవిడ ఇంటి మేడ మీద ఉంది. కొడుక్కి వండిపెట్టడానికి ఊరినుంచి వచ్చిన ప్రమీలమ్మ వాకిట్లోనే ఎదురైంది. ఇంట్లో ప్రతి శుక్రవారం రాహేలు ఉపవాస ప్రార్థనకు పోతుంటే కిక్కురుమనని వీరస్వామి, ఇక్కడ మాత్రం సందంతా వినబడేలా గొంతు పెంచాడు.

"అక్కా, వాడు బతికేది ఒంటితోని. పెట్రోల్ పొయ్యకుంటె బండి నడుస్తదా?"

ప్రమీలమ్మ బెదరలేదు. "ఒక్కపొద్దంటే ఎండబెట్టుడు గాదు సారూ. రాత్రి అన్నం తింటడు. పగటీలి ఫలహారం ఎంతన్న తినొచ్చు. పండ్లు, పాలు, సగ్గుబియ్యం, ఆలుగడ్డ, పల్లీలు, బెల్లం. గివన్నీ దేవుడు వద్దనలే."

ఓడిపోయానని ఒప్పుకోవడం వీరస్వామికి చేతకాదు కాబట్టి, ఆమె మాటనే తన ఆజ్ఞగా మార్చుకున్నాడు. దేవుడు వద్దనని ప్రతిదానితోనూ వాడి కడుపు నింపాలని, పగలు ఒక్క గంట కూడా ఖాళీగా ఉండనివ్వద్దని గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు.

ఇదంతా మెట్ల మీద నిలబడి విన్న వాసంతి మధ్యాహ్నానికి గిన్నెడు సగ్గుబియ్యం పాయసం కాచి తెచ్చింది. ఆమె మొహమాటపడుతుంటే ప్రమీలమ్మే ధైర్యం చెప్పింది.

"ఒక్కపొద్దున్నోళ్లకు ఫలహారం పెడితే పుణ్యంల సగం పెట్టినోళ్లకే అమ్మా. నువ్వు పెట్టు, వాడు తింటడు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. తాము పస్తుండకుండానే సగం పుణ్యం ఊరికే దొరుకుతుందంటే మన జనం ఆగుతారా? మర్నాటికి కింది వాటా వాళ్లు అరటిపళ్ల గెల దింపారు. ఎదురింటివాళ్లు ఆలుగడ్డలు నేతిలో వేయించి తెచ్చారు. కోచింగ్ సెంటర్ హాస్టల్ వార్డెన్ పల్లీ ఉండల డబ్బా పంపింది. ఉపవాసమంటే ఏమిటో తెలిసిన రాహేలు కూడా ఖర్జూరాలు పంపింది. ఎవరికి వారు తాము పెట్టకపోతే పాపం పిల్లాడు మాడిపోతాడనే అనుకున్నారు. తెచ్చింది తిప్పి పంపితే పెట్టినవాళ్లకు పాపం తగులుతుందని ప్రమీలమ్మ కొడుకును ముందే కట్టడి చేసింది. పరశురాం అందరి పుణ్యాన్నీ నమిలి మింగుతూ పోయాడు.

వారం తిరిగేసరికి వాడి ఆట నెమ్మదించింది. వాడు వంగేలోపు రైడర్ కాలు తప్పించుకుని గీత దాటిపోతున్నాడు. వీరస్వామి మ్యాట్ పక్కన విజిల్ను నేలకేసి కొట్టి, ఇదిగో ఉపవాసం చేసిన నిర్వాకం, పిల్లాడు పీనుగైపోయాడని అందరిముందూ తిట్టాడు. కడుపు బరువుగా ఉందని పరశురాం నసిగితే, ఖాళీ కడుపులో చేరిన గాలి అదేనని తేల్చేశాడు. ఆ సాయంత్రమే సందులోకి పోయి, ఇంటింటికీ తిరిగి, ఫలహారం రెట్టింపు చేయమని చెప్పి వచ్చాడు.

ఫలహారం పెరిగినకొద్దీ ఆట ఇంకా నెమ్మదించింది. ఆట నెమ్మదించినకొద్దీ వీరస్వామి కోపం పెరిగింది. కోపం పెరిగినకొద్దీ ఫలహారం పెరిగింది. నిక్కరు బిగుతైతే పరశురాం వాసంతి గారి వాషింగ్ మెషీన్ను అనుమానించాడు.

గ్రౌండ్‌లో బరువు తూచే మిషన్ చాలాకాలంగా పాడై ఉంది. తన కన్ను ఉండగా మిషన్ ఎందుకని వీరస్వామి దాన్ని బాగుచేయించలేదు. ఒకరోజు గ్రౌండ్‌కు ఖర్జూరాలు తెచ్చిన రాహేలు పరశురాంను అటూ ఇటూ చూసి, భర్తను పక్కకు పిలిచింది.

"వాణ్ణి ఒక్కసారి తూపించరాదు? మెడ కనబడ్తలేదు."

"ఉపవాసముండి లావైనోణ్ణి యాడన్న చూసినవా?"

రాహేలు ఖర్జూరాల డబ్బా తిరిగి సంచిలో పెట్టుకుంది. ఆయనకు ఎదురు చెప్పే అలవాటు పెళ్లయిన కొత్తలోనే మానుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. క్యాంపస్‌లోని ఇండోర్ హాల్లో దివాకర్ కొత్త మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభై అయిదు కిలోలు దాటితే ఆ లీగ్‌లో మ్యాట్ ఎక్కనివ్వరు. వీరస్వామి ముందే దివాకర్ను కలిసి, తల్లి మొక్కు వల్ల మనిషి సగమయ్యాడని, కొంచెం దయచూపాలని వేడుకున్నాడు. దివాకర్ సరేనన్నాడు. పరశురాం మిషన్ ఎక్కాడు. అంకెలు కాసేపు ఊగి, ఎనభై ఆరున్నర దగ్గర నిలిచాయి.

దివాకర్ ఆ అంకెలనూ, వీరస్వామినీ మార్చి మార్చి చూశాడు. "సగమే ఇంతుంటే, మొత్తం ఎంతుండేవాడండీ?" అన్నాడు. సాయంత్రం అయిదుకు మిషన్ కట్టేస్తానని, ఆలోపు తగ్గితే ఆ తర్వాత సంగతి చూద్దామని, లేకపోతే ఇంకో డిఫెండర్ సిద్ధంగా ఉన్నాడని చెప్పాడు.

వీరస్వామి పరశురాంను హాలు బయటికి లాక్కొచ్చి మొదలుపెట్టాడు. తిండిపోతు అన్నాడు, తన పరువు తీశావన్నాడు. ఇన్నాళ్లూ తలవంచుకుని తిన్న పరశురాం మొదటిసారి తలెత్తాడు.

"తినుమన్నది మీరే, తిడ్తున్నది మీరే. మొక్కు అమ్మది, పుణ్యం గల్లీది, కోపం మీది. నా కడుపు మీద అందరికీ హక్కున్నది సార్, నాకు తప్ప. రేపు బెంచీ గూడ లేకుంటె ఇంట్ల కూసునేది మాత్రం నేనొక్కణ్ణే."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించమనడం వీరస్వామికి రాదు కాబట్టి ఇంకా గట్టిగా అరిచాడు. "ఇయ్యాల నీకు నీళ్లు గూడ లేవు. నువ్వు తూగేదాంక నాక్కూడ లేవు. ఉరుకు."

పరశురాంకు రెండు స్వెటర్లు, వాటి మీద రెయిన్‌కోటు తొడిగారు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద వాడు పరుగు అందుకున్నాడు. వెనకే స్కూటర్ మీద తిడుతూ వీరస్వామి. పొద్దుటినుంచి ఈ హడావిడిలో ఆయన టీ చుక్క కూడా తాగలేదు. మధ్యాహ్నం దాటాక స్కూటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోల్ పోయించడం ఆయనే మరిచిపోయాడు. స్కూటర్ను తన్ని, దిగి, కాలినడకన వెంటపడ్డాడు.

అంతలో ఆటోలో ప్రమీలమ్మ దిగింది. ఒక చేతిలో వేయించిన ఆలుగడ్డల క్యారియర్, ఇంకో చేతిలో వాసంతి ఇచ్చిన పాయసం గిన్నె. మండుటెండలో స్వెటర్లతో ఉరుకుతున్న కొడుకును చూసి ఆమె వీరస్వామి మీద విరుచుకుపడింది.

"నా కొడుకును ఎండబెట్టి సంపుతవా సారూ? గింత కఠినం మొక్కు ఏ దేవుడు అడుగుతడు? మల్లన్నకు నేను జెప్పుకుంట, ఒక్కపొద్దు ఈడనే ఇడిసిపెడ్త. ముందుగాల వాణ్ణి తిననియ్యి."

"తింటే వాని బతుకు బజార్ల పడ్తదక్కా. వాణ్ణి ఉపవాసం ఉండనియ్యి," అన్నాడు వీరస్వామి. తన నోట ఆ మాట వచ్చినందుకు ఆయనకే ఒళ్లు మండింది. ఇంకేదో అనబోయి, రోడ్డు పక్క వేపచెట్టును పట్టుకోబోయి, అది అందక స్పృహ తప్పి పడిపోయాడు.

ఆటో అప్పటికే వెళ్లిపోయింది. అయిదు కావస్తోంది. పరశురాం వెనక్కి తిరిగి వచ్చాడు. వంగి, తనకంటే బరువైన గురువును భుజాన వేసుకున్నాడు. నిరుడు దెబ్బతిన్న భుజం మీదే వేసుకున్నాడు. ఇండోర్ హాలు దాకా ఎత్తుదారి. స్వెటర్ల కిందనుంచి చెమట కారిపోతూ వచ్చింది. సగం దారిలో స్పృహ వచ్చిన వీరస్వామి దించమని తిట్టాడు. వాడు దించలేదు. వెనకే క్యారియర్ ఊపుకుంటూ ప్రమీలమ్మ ఇద్దర్నీ తిట్టుకుంటూ వచ్చింది.

దివాకర్ మిషన్ కట్టేయబోతూ ఆగాడు. పరశురాం కోచ్‌ను బెంచీ మీద పడుకోబెట్టి, స్వెటర్లు విప్పి, మిషన్ ఎక్కాడు. అంకెలు సరిగ్గా ఎనభై అయిదు దగ్గర నిలిచాయి. దివాకర్ రెండోసారి ఎక్కించి చూశాడు. అంతే.

"ఇక ఇంత మనిషిని మోసుకొచ్చాక భుజం ఎలా ఉందని నేను అడగక్కర్లేదు," అంటూ చెయ్యి చాపాడు. "వచ్చే నెల క్యాంపుకు వచ్చెయ్యి." పరశురాం ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వాడు గోడకు జారబడి క్యారియర్ విప్పుకున్నాడు. ప్రమీలమ్మ పాయసం గిన్నె తీసుకుని బెంచీ దగ్గరికి వెళ్లింది. వీరస్వామి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"లెవ్వు సారూ, తాగు," అంది. "ఒక్కపొద్దున్నోళ్లకు పెడితే సగం పుణ్యం నాకే."

వీరస్వామి ఆమెను కోపంగా చూసి, గిన్నె ఖాళీ చేసి, ఇంకో గిన్నె ఉందా అని కోపంగానే అడిగాడు.