దమ్ము జాస్తి

మనిషి దగ్గర రోగమైనా ఉండాలి, ఆరోగ్యమైనా ఉండాలి. రెండూ ఒక్కరే పెట్టుకుని కూర్చోవడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదు. బళ్లారి మైసూరు రాజ్యంలో కలిశాక ఈ సూత్రాన్ని అమలు చేయడానికి దేహదార్ఢ్య నిర్ధారణ మండలి అని ఒకటి వెలిసింది. సర్కారు కొలువు కావాలంటే దాని ముందు పరిగెత్తాల్సిందే. సభ్యుల కుర్చీలకు మాత్రం చేతులు ఊడబీకించారు (లేకపోతే దేహాలు పట్టడం లేదు).

ఆ మండలి ముందుకు బ్రూస్‌పేట బట్టల వ్యాపారి విరూపాక్షయ్య కూతురు పంకజాక్షి వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు పోస్టు అడిగింది. చిన్నప్పుడే చక్కెర రోగం వచ్చిన పిల్ల. రోజూ గాజు సిరంజి మరగబెట్టుకుని ఇన్సులిన్ సూది తానే పొడుచుకుంటుంది. మందు సీసా చల్లగా ఉండాలని నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో పెడుతుంది. మందు, తిండి, వ్యాయామం మూడూ తప్పకూడదని మద్రాసు డాక్టరు చెప్పాడు. మొదటి రెండింటికీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడోదానికి బజారంతా అడ్డుపడింది. రోగిష్టి పిల్లను మంచాన పడుకోబెట్టక పరిగెత్తిస్తావా అని విరూపాక్షయ్యను దుకాణానికి వచ్చి మరీ తిట్టిపోయారు (బట్ట మాత్రం కొనలేదు). ఈ ఉద్యోగం రాకపోతే ఆమెకు మిగిలేది ఆ మంచమే.

పరీక్ష కోట కొండ కింద పెట్టారు. పైకెక్కి, అక్కడ పాతిన తెల్లజెండాను ముట్టుకుని దిగిరావాలి. బయలుదేరే ముందు పంకజాక్షి కొంగుముడి విప్పి బెల్లంముక్క నోట్లో వేసుకుంది. సభ్యులు కొయ్యబారిపోయారు. మండలి అధ్యక్షుడు రంగనాథ మైసూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. తనకు తెలుగు బాగా అర్థమవుతుందని ఆయన గట్టి నమ్మకం (చక్కెర రోగాన్ని మాత్రం సక్కరె కాయిలె అంటాడు).

"సక్కరె కాయిలె అంటావు, బెల్ల తింటావు. ఏది నిజ అమ్మా?"

"రెండూ నిజమే సార్. పరిగెత్తితే నెత్తుర్లో చక్కెర దిగిపోతాది. కండ్లు తిరిగి పడిపోకుండా ముందే రవ్వంత తింటాండా."

ఈ జవాబు మరీ సూటిగా ఉండడంతో మండలికి అనుమానం బలపడింది. బయలుదేరిందా లేదా అని వాళ్లు చర్చించుకుంటుండగానే ఆమె కొండెక్కి దిగి వచ్చి నిలబడింది. రొప్పు కూడా లేదు.

అయితే ఊపిరి విషయంలో అభ్యర్థి మాట చెల్లదు (ఎవరి ఊపిరి వాళ్లకు తెలుస్తుందని మండలి ఒప్పుకోదు). సాక్షి కావాలి. ఆమెకు పరుగు నేర్పిన పాత డ్రిల్లు మాస్టరు నారపను పిలిచారు.

"నేను చూస్తానే ఉండా గదా సామీ. ఈయమ్మికి దమ్ము జాస్తి ఉండాది" అన్నాడు నారప, ఛాతీ విరుచుకుని.

ఆయన మెచ్చుకున్నాడు. కానీ కన్నడంలో దమ్ము అంటే ఉబ్బసం. రంగనాథ కళ్లు చెమర్చాయి.

"అయ్యో పాప! సక్కరె కాయిలె జతకు దమ్ము కూడానా?"

"శానా ఉండాది సామీ. ఇంత దమ్ము ఊర్లో ఇంకెవురికీ లేదు."

"ఎట్లా వచ్చింది?"

"నేనే తెప్పిచ్చినా సామీ! ఈ కొండ ఎక్కిచ్చి ఎక్కిచ్చి."

మండలి తీర్పు చెప్పింది. పంకజాక్షికి తీవ్రమైన ఉబ్బసం, కారకుడు నారప. పంకజాక్షి కాదని మొత్తుకుంటే, ఉబ్బసం నయమైందని డాక్టరు చేత రాయించుకు రమ్మన్నారు. లేని ఉబ్బసాన్ని నయం చేశానని ఎలా రాస్తానన్నాడు ఊరి డాక్టరు. ముందు తెచ్చుకుంటే తర్వాత చూద్దామన్నాడు. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది, కానీ మండలి మీద గౌరవంతో చల్లగానే రాస్తున్నాను.

ఇంతలో మండలికి ఇంకో సందేహం వచ్చింది. ఉబ్బసం మనిషి కొండ ఎలా ఎక్కుతుంది? ఎక్కి ఉండదు. అసలు పైన జెండా ఉందో లేదో ఎవరైనా వెళ్లి చూసి రావాలి. అందుకు తగిన దేహదార్ఢ్యం ఆఫీసులో ఎవరికీ లేనందువల్ల పంకజాక్షినే పంపారు.

ఆమె వెళ్లింది. జెండా పెరికి తెచ్చి రంగనాథ బల్ల మీద పడేసింది.

"ఇదో సార్ మీ జెండా! దమ్ము అంటే మా మాటలో పరిగెత్తే ఊపిరి. మీరు ఆ కుర్చీలోంచి ఒక్కసారి లేసి సూడండి, రొప్పు వస్తాది, అదీ ఉబ్బసమంటే! ఈ పని ఇయ్యకుంటే నన్ను ఇంట్లో మంచమేసి పండబెడతారు. ఆ మంచం మీద నాకు నిజంగానే రోగం ముదురుతాది సార్!"

రంగనాథ ఉలిక్కిపడి లేచాడు. లేచిన శ్రమకు రొప్పు వచ్చింది. అది తగ్గాక గుమాస్తా వైపు తిరిగాడు.

"అబ్బా! ఈయమ్మకు దమ్ము జాస్తి."

సారుకు ఇన్నాళ్లకు తెలుగు వచ్చిందని ఆఫీసంతా సంబరపడింది. తీర్పు కాగితంలో దమ్ము మాత్రం ఉబ్బసంగానే ఉండిపోయింది, కాబట్టి పంకజాక్షి ఉద్యోగం ఇంకా కన్నడంలోనే ఉంది.