కాటుకమ్మకు సన్మానం

ఒక పెద్ద అడవిలో చైత్రయ్య అనే కోకిల చనిపోయి పదకొండు రోజులైంది. ఆ అడవిలో ఏనుగునైనా ఎలుకనైనా 'అది' అనే అంటారు. చైత్రయ్యని మాత్రం 'ఆయన' అనేవాళ్ళు. అంత గొప్ప పాటగాడు.

అందరూ చెవికి పాడతారు, చైత్రయ్య గారు గుండెకి పాడతారు అని అభిమానులు చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే ఆయన తన 'ఉదయ గీతం' ఎత్తుకుంటే లేడి మేత మరిచిపోయేది. పులి లేడిని మరిచిపోయేది. గాడిద అయితే వెక్కి వెక్కి ఏడ్చేది. గాడిద ఆ అడవిలో సంగీత విమర్శకుడు.

చైత్రయ్య అభిమాన సంఘం సంస్మరణ సభ తలపెట్టింది. ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి. వాగు ఒడ్డున చోటు చదును చేశారు, పూలదండలు కట్టించారు, వక్తలకి వరస ఇచ్చారు. అన్నీ కుదిరాయి కానీ ఒక్క చిక్కు మిగిలింది. దాని పేరు కాటుకమ్మ. కాకి.

చైత్రయ్య గారు తన పిల్లల్లో ఒక్కరినీ పెంచలేదు. ఆయన భార్య గుడ్లన్నీ తీసుకొచ్చి కాటుకమ్మ గూట్లో పెట్టి వెళ్ళిపోయేది. కొత్త గుడ్డుకి చోటు కావాలి కాబట్టి కాటుకమ్మ గుడ్డు ఒకటి కిందికి దొర్లించేది. ఏటా ఒకటి. ఈ సంగతి అడవిలో తెలియనివాళ్ళు లేరు, అనేవాళ్ళూ లేరు. పాట బాగుండేది కదా మరి.

"ఆ కాకి సభకొచ్చి నోరు విప్పితే మన పరువేం కాను?" అంది ఏనుగు.

"విప్పదండీ. సన్మానం చేసేద్దాం," అంది నక్క. "మహాగాయకుడి బిడ్డల్ని పెంచిన త్యాగమూర్తి అని నాలుగు మాటలు చెప్పి శాలువా కప్పుదాం. శాలువా కప్పించుకున్నాక తిట్టినవాళ్ళని మన అడవిలో మీరెప్పుడైనా చూశారా?"

ఏనుగు ఆలోచించింది. ఇప్పటిదాకా తనకి పద్నాలుగు శాలువాలు కప్పారు. నిజమే, తను ఎవర్నీ తిట్టలేదు.

నక్క కాటుకమ్మ చెట్టు కిందికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. కాటుకమ్మ గూట్లోంచి తల మాత్రమే బయట పెట్టింది.

"నేను రాను సెక్రటరీ గారూ. మూడు గుడ్ల మీద కూచున్నాను. పదేళ్ళయింది, మూడుకి మూడూ నావే అయ్యి. ఇవి పిల్లలయ్యేదాకా గూడు దిగను."

"కాపలా పెట్టించమంటారా? మా కొండముచ్చుని పెడతాను. కొమ్మ మీంచి కాలు తీయదు. చైత్రయ్య గారికి ప్రాణమిచ్చే అభిమాని."

"అదే నా భయం."

"పైగా, ప్రార్థన గీతం మీ చిట్టి పాడుతున్నాడమ్మా."

కాటుకమ్మ తల ఇంకాస్త బయట పెట్టింది. చిట్టి చైత్రయ్య గారి కడపటి కొడుకు. కాటుకమ్మ గూట్లోనే పెరిగాడు. గొంతు విప్పిన రోజున గానీ గూట్లో తన బిడ్డ కానిది వాడేనని దానికి తెలియలేదు. తెలిశాక ఆ సాయంత్రం కూడా పురుగు తెచ్చి వాడి నోట్లో పెట్టింది. ఏం చేస్తుంది? వాడు నోరు తెరిచాడు.

"సరే, ఒక్క గంట," అంది కాటుకమ్మ.

గూటి దగ్గర కొండముచ్చు కాపలా కూచుంది. సభ జరిగింది. చిట్టి ప్రార్థన అయ్యాక మొదట గాడిద మాట్లాడింది. పాటని పాటగా చూడాలనీ, పాటగాడి ఇంట్లోకి తొంగి చూడటం సంస్కారం కాదనీ గంటలో ముప్పావు వంతు చెప్పింది. తర్వాత నక్క కాటుకమ్మని వేదిక ఎక్కించి శాలువా కప్పింది. శాలువా కాకి కంటే పెద్దది కావడం వల్ల కాసేపు కాకి కనబడలేదు. చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి.

నక్క పథకంలో ఒక్కటే లోపం. సన్మానం అయ్యాక సన్మానం పొందినవాళ్ళని రెండు మాటలు మాట్లాడమనడం ఆచారం. పద్నాలుగు సన్మానాల అలవాటు కొద్దీ ఏనుగు లేచి, "ఇప్పుడు కాటుకమ్మ గారు స్పందిస్తారు," అనేసింది. నక్క తోక పట్టి లాగింది గానీ ఏనుగు తోక లాగితే ఏనుగుకి తెలియదు.

కాటుకమ్మ శాలువాలోంచి ముక్కు బయటపెట్టింది.

"అందరికీ నమస్కారం. నేనూ ఆయన అభిమానినే."

మళ్ళీ చప్పట్లు.

"ఉదయ గీతం ఆయన ఎందుకు పాడేవాడో మీలో ఎవరికైనా తెలుసా?"

"సూర్యభగవానుడికి స్వాగతం," అంది గాడిద.

"కాదండీ. నన్ను గూట్లోంచి లేపడానికి. ఆయన ఎదుటి చెట్టు మీద పాడితే నేను లేచేదాన్ని. నేను అలా లేవగానే ఆవిడ వచ్చి పని చక్కబెట్టుకునేది. ఆయన్ని తరిమికొట్టడానికి లేచానని మావాళ్ళందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. వినడానికే లేచేదాన్ని. దగ్గరగా వింటే ఇంకా బాగుంటుంది."

కాటుకమ్మ శాలువా ఒక పక్కకి నెట్టింది.

"పదేళ్ళు, పది గుడ్లు. ఆ మాట ఎవరూ అనలేదు. నాకు శాలువా వద్దు. ఇవాళ ఈ వేదిక మీంచి ఒక్కరు, ఒక్కసారి, అవి ఉండేవని అనండి. చాలు."

సభలో గగ్గోలు బయల్దేరింది.

"నా వల్ల కాదు, ఇక ఆ పాట వినలేను," అంది లేడి.

"పాటకీ గుడ్డుకీ సంబంధం ఏమిటండీ?" అంది గాడిద.

"పాటే గుడ్డు కోసం పాడాడంటుంటే సంబంధం ఏమిటంటావేం?" అంది లేడి.

"ఆ రోజులు వేరమ్మా. అప్పట్లో గుడ్ల విషయంలో ఇంత పట్టింపు ఉండేది కాదు," అంది తాబేలు. అది గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ళలోకి పోయే రకం.

ఎలుగుబంటి లేచింది. "పది గుడ్లు ఒక పక్క పెట్టండి. పదేళ్ళ పాట ఒక పక్క పెట్టండి. ఏది బరువైతే అదే న్యాయం."

ఈ మాట ఏనుగుకి నచ్చింది. "తూచాలంటే సరుకు ఎదురుగా ఉండాలి. గుడ్లు ఎలాగూ లేవు. పాటైనా ఒకసారి విని నిర్ణయిద్దాం. బాబూ చిట్టీ, ఉదయ గీతం అందుకో."

చిట్టి మొదటి వరసలో పెళ్ళాం పక్కనుంచి లేచి, వేదిక ఎక్కి కాటుకమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. తర్వాత పాడాడు.

తండ్రిని మించి పాడాడు. లేడి వినలేనన్న మాట మరిచిపోయింది. గాడిద ఏడ్చింది. కాటుకమ్మ వినకూడదనే అనుకుంది. కానీ కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. ఆ గొంతు తన గూట్లో విచ్చుకున్న గొంతు. గర్వం కూడా కలిగింది.

పాట అయ్యాక కళ్ళు తెరిచింది. వేదిక కింద, మొదటి వరసలోనే, కొండముచ్చు కూచుని కన్నీళ్ళు తుడుచుకుంటోంది.

"నువ్విక్కడున్నావేంటయ్యా?"

"అక్కడి దాకా వినిపించిందమ్మా. ఎట్లా ఆగను చెప్పు?" అంది కొండముచ్చు.

కాటుకమ్మ మొదటి వరసంతా చూసింది. చిట్టి పెళ్ళాం కూచున్న చోటు ఖాళీగా ఉంది.

శాలువా అక్కడే వదిలేసి ఎగిరింది. గూట్లో మూడు గుడ్లున్నాయి. రెండు తనవి. మూడోది కాస్త చిన్నది, మచ్చలు వేరు. చెట్టు కింద రాతి మీద అప్పుడే చీమలు చేరాయి.

వెనకే చిట్టి వచ్చి కొమ్మ మీద వాలాడు.

"అమ్మా, కోప్పడకే. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ గూట్లో పెట్టడానికి మాకు మనసొప్పలేదు. నువ్వు ఎంత బాగా పెంచుతావో నాకంటే ఎవరికి తెలుసు?"

వాడు నిజంగా ప్రేమతోనే అన్నాడు.

అభిమాన సంఘం విచారణకి తరలివచ్చింది. కొండముచ్చు చెట్టెక్కి లెక్కపెట్టి చెప్పింది, నక్క రాసుకుంది.

"సభకి ముందు మూడు. సభ తర్వాత మూడు. నష్టమేమీ లేదు."

చిట్టికి ఆ మధ్యాహ్నమే 'చైత్ర స్వర వారసుడు' అని బిరుదిచ్చారు. వారసత్వం పాటలో ఒక్కటే కాదు, అన్నిటా అచ్చు తండ్రేనని గాడిద మెచ్చుకుంది. కాటుకమ్మ కోరికని కూడా కాదనలేదు. సభ నివేదికలో చివరి వాక్యంగా 'గుడ్ల అంశం ప్రస్తావనకు వచ్చింది' అని చేర్చారు.

గూట్లో కాటుకమ్మ ఆ మూడో గుడ్డుని ముక్కుతో అంచు దాకా నెట్టింది. గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది. ఇంత ఎత్తు నుంచి గుడ్డు పడితే ఏ చప్పుడు వస్తుందో దానికి బాగా తెలుసు. వెనక్కి లాక్కుని, రెక్క కింద పెట్టుకుని కూచుంది.

కింద నుంచి నక్క అదంతా చూసి అధ్యక్షుడితో, "చూశారా, ఎవరి బలవంతమూ లేదు," అంది.

నీతి: పాటనీ పాటగాణ్ణీ విడదీసి చూడటం ఏమంత కష్టం కాదు; గూట్లోవి మన గుడ్లు కాకపోతే చాలు.