సాక్ష్యానికి కళాయి వద్దు

“ధర్మవరం హత్యను ధర్మవరం మరిచిపోయినా ప్రభుత్వం మరిచిపోదు! ఆ కేసును మళ్ళీ తెరుస్తున్నాం!”

ఉపమంత్రి జయరాముడు గారు హిందూపురం చింతపండు మార్కెట్టు ముందు ఈ ప్రకటన చేయగానే బస్తాల మీద కూర్చున్న హమాలీలు చప్పట్లు కొట్టారు. ఏ హత్య, ఎవరి హత్య అని ఒక్కరూ అడగలేదు. మంత్రులు మైకు ముందుంటే అడ్డుతగిలే దురలవాటు ఆ జనానికి లేదు.

జయరాముడు గారి శాఖ చిన్నతరహా నీటిపారుదల. పదవిలోకి వచ్చిన నాటి నుంచీ తమ చేతుల మీదుగా ఒక్క తూమైనా తెరవాలని ఆయన ఎంతో తపించారు. అయితే తూమున్న చెరువులో నీళ్ళుండేవి కావు. నీళ్ళున్న చెరువు ఇంకొకరి నియోజకవర్గంలో ఉండేది. ఇంతలో అరవై రెండో సంవత్సరపు ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఏదీ తెరవకుండా ఓటరు ముందుకు పోవడం మర్యాద కాదు గనుక పాత కేసు తెరిచారు.

ఈ ఆలోచన గుంతకల్లు నుంచి వచ్చే రైల్లో పుట్టింది. ఎదుటి సీటులో ఎవరో వదిలేసిపోయిన డిటెక్టివ్ నవల ఆయన చేతికి దొరికింది. పెనుకొండ వచ్చేసరికి నవలలో హంతకుడు దొరికాడు. హిందూపురంలో దిగీ దిగగానే నవల రాసిన గంగాధర గారికి టెలిగ్రాం వెళ్ళింది. మండుటెండలో నల్లకోటు వేసుకుని గంగాధర గారు మద్రాసు నుంచి దిగారు. ఆయనకు ‘స్పెషల్ ఇన్వెస్టిగేషన్ అడ్వైజర్’ అని హోదా ఇచ్చారు.

“మన పోలీసులు ఏడాదికొక హంతకుణ్ణి పట్టలేక అవస్థ పడుతున్నారు. ఈయన నెలకొకణ్ణి పడుతున్నాడు” అని ఉపమంత్రి గారు పత్రికలవారికి వివరించారు. పత్రికలవారు రాసుకున్నారు.

ఆ జనం వెనకాల, ఇత్తడి గిన్నెల లోపల కళాయి పూయడానికి తగరం కొనుక్కుందామని హిందూపురం వచ్చిన కళాయి బుడన్‌సాబ్ నిలబడి ఉన్నాడు. అది ఏ హత్యో తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. ఎందుకంటే హంతకుడు అతనే.

కాదని సెషన్సు కోర్టు చెప్పింది. సంశయలాభం కింద వదిలేసింది. లాభం తీసుకుని బుడన్‌సాబ్ ఇంటికొచ్చాడు. సంశయాన్ని ధర్మవరం తన దగ్గరే ఉంచుకుంది.

సంగతేమంటే, యాభై రెండో సంవత్సరపు ఎన్నికలలో గెలిచిన సంబరానికి, అప్పట్లో పార్టీ తాలూకా సెక్రటరీగా ఉన్న జయరాముడు గారు ధర్మవరంలో విందు చేశారు. చాలామందికి కడుపునొప్పులు వచ్చి తగ్గిపోయాయి. తిప్పన్న అనే పట్టుచీరల నేతగాడు మాత్రం మరునాడు వాంతులతో చనిపోయాడు. కడుపులో రాగి విషం ఉందని డాక్టరు రాశాడు. రాగితో, ఇత్తడితో పొద్దుపుచ్చేవాడు ఊళ్ళో ఎవడని పోలీసులు విచారించారు. కళాయి పూసేవాడు ఒక్కడే ఉన్నాడు. విచారణ అక్కడితో పూర్తయింది.

ఆనాటి నుంచి ధర్మవరంలో ఏ ఇల్లాలూ అతని చేతికి చెంబు ఇవ్వలేదు. తినే గిన్నెను తీసుకుపోయి హంతకుడి చేతిలో ఎవరు పెడతారు? బుడన్‌సాబ్ కొలిమితిత్తి భుజాన వేసుకుని, తనెవరో తెలియని చిలమత్తూరు పల్లెల్లో కళాయి పూసి బతుకుతున్నాడు. అక్కడ ఎవరైనా ఏ ఊరని అడిగితే పెనుకొండ అని అబద్ధం చెబుతాడు. అందుకే మైకులో ఆ మాట వినగానే అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

“మళ్ళీ తెరుస్తారంటనే” అన్నాడు ఇంటికొచ్చి భార్య ఖైరున్‌బీతో. “ఈతూరి నిజం బయటికొస్తాది.”

“పోయినతూరి నిజం యాడుండెనో తెల్దు గానీ, నువ్వు మాత్రం జైల్లో ఉంటివి. నోరు మూసుకోని కూచో.”

“మూసుకోనే గదే ఇన్నేండ్లు కూచున్యా. నా ఊర్లో, నా ఇంటి ముందర తిత్తి ఊదుకోవద్దా నేను?”

ఖైరున్‌బీ లేచి సద్దిమూట కట్టి ఇచ్చింది.

పెనుకొండ బంగళాలో అడ్వైజరు గారి ఆఫీసు. గదిలో ఒక మూల సాక్ష్యం చీటీ వేలాడుతూ, ఆనాటి విందులో పులుసు కాచిన ఇత్తడి గుండిగ ఉంది. ఇన్నేళ్ళూ దానిని న్యాయానికి భద్రంగా దాచిపెట్టారు. మధ్యలో ఎవరో బొగ్గులు పోసుకున్నారు గానీ చీటీ చెక్కుచెదరలేదు.

“ఇది ఖూనీ కాదు సా” అన్నాడు బుడన్‌సాబ్. “ఎవురూ ఎవురినీ సంపలేదు. గుండిగకు కళాయి లేదు. దాంట్లో చింతపండు పులుసు కాంచి తెల్లార్లూ అట్లే పెట్టినారు. పులుపుకు చిలుము దిగి విషమాయె. తిప్పన్న పొద్దున్నే వచ్చి మిగిలింది తిన్యాడు. అంతే.”

గంగాధర గారు పెన్ను కింద పెట్టారు. “అంతే అంటే? హంతకుడెవరయ్యా?”

“గుండిగ, సా.”

“గుండిగను ఉరి తీస్తే ఆ నవల ఎవడు కొంటాడు? నేను అప్పుడే పదిహేడు అధ్యాయాలు రాసేశాను. సరే, నువ్వు కళాయి ఎందుకు వెయ్యలేదు?”

“తిత్తి ఎత్తుకోని పోయినా సా. అయ్యగారే వద్దనిరి. ‘ఓట్లయిపోయినాయి గదప్పా, ఇంక కళాయి ఎందుకు?’ అనిరి.”

“ఏ అయ్యగారు?”

బుడన్‌సాబ్ గోడ మీది క్యాలెండరు చూపించాడు. అందులో జయరాముడు గారు ఎండిపోయిన కాలువ పక్కన నిలబడి నవ్వుతున్నారు. గంగాధర గారు ఆ క్యాలెండరును చాలాసేపు పరిశోధించి, అది పోయినేడాదిదని తేల్చి, గోడవైపుకు తిప్పి తగిలించారు.

అంతలో ఉపమంత్రి గారే దయచేశారు. చిన్నవాళ్ళతో నిలబడి మాట్లాడే సుగుణం ఆయనకు ఎన్నికల ముందు ఎప్పుడూ ఉండేది.

“ఏం బుడన్, బాగుండావా? నీ పేరు కడిగేస్తా. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఎదుటి పార్టీ పట్టు షావుకారి విషం ఇచ్చె, నేను కలిపితి అని చెప్పు. అప్రూవర్ అంటారు. గవర్నమెంటు నిన్ను క్షమిస్తాది.”

“నేను కలపలేదు గదా సామీ.”

“తప్పు ఒప్పుకుంటేనే గదప్పా క్షమించేది! ఏ తప్పూ చెయ్యనోణ్ణి గవర్నమెంటు ఎట్ల క్షమిస్తాది? దానికి రూలు లేదు.”

బుడన్‌సాబ్ ఒక అడుగు ముందుకేశాడు. “కలిపినానని చెప్తే, మా ఊర్లో మళ్ళా నాకు చెంబులిస్తారా సామీ?”

“ఈ మనిషికి విశాల దృష్టి లేదు” అని ఉపమంత్రి గారు ఇంగ్లీషులో అడ్వైజరు గారితో చెప్పి బాధపడ్డారు.

కేసు ప్రారంభోత్సవం ధర్మవరంలో మహా వైభవంగా జరిగింది. ఫైలును పూలపల్లకీలో ఊరేగించారు. ముందు బ్యాండు, వెనక ఊరేగింపు ఎందుకో తెలియని నేతగాళ్ళు. గంగాధర గారి సలహా మీద నేరాన్ని ఉన్నదున్నట్టుగా పునర్నిర్మించాలని తీర్మానించారు. అదే చోటు, అదే గుండిగ, అదే చింతపండు పులుసు. మొదటి విస్తరి తిప్పన్న భార్య కుళ్ళాయమ్మకు.

పొయ్యి వెలగకముందే బుడన్‌సాబ్ తిత్తితో హాజరయ్యాడు. ఏర్పాట్లు చూస్తున్న పార్టీ కార్యకర్త ఈరన్న గడ్డం పట్టుకుని బతిమాలాడు.

“ఒక్క గడియ ఈరన్నా. పూసేస్తా. నాకు దుడ్లు గూడా వద్దు.”

“సాక్ష్యానికి కళాయి పూస్తారేమప్పా యాడన్నా? తళతళమంటే ఎవురు నమ్ముతారు? అది గవర్నమెంటు చిలుము. ముట్టగాకు.”

పులుసు పొద్దున్నే తయారైంది. ఉపమంత్రి గారు పొద్దు వాలాక వచ్చారు. దారిలో పెనుకొండవారు దండలు వేశారు. వేయనివారి కోసం కూడా ఆయన కారు ఆపారు. మంత్రి రాకుండా మెతుకు ముట్టేంత సంస్కారం లేనివారు ఆ పార్టీలో ఎవరూ లేరు కాబట్టి పులుసు పొద్దంతా గుండిగలోనే భక్తితో నిలబడింది.

ఉపమంత్రి గారు న్యాయాన్ని గురించి మాట్లాడారు. న్యాయం చల్లారుతుందేమో గానీ చావదు అన్నారు. అప్పుడే విస్తరులలో చల్లారిన పులుసు వడ్డించారు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల కానిస్టేబుళ్ళ మధ్య నుంచి బుడన్‌సాబ్ అరిచాడు.

“తినద్దండి! చిలుముండాది! కుళ్ళాయమ్మా, నీకు దండం పెడతా, తినద్దమ్మా!”

కానిస్టేబుళ్ళు అతన్ని వెనక్కి నెట్టారు. భర్త పోయినప్పటి నుంచి కుళ్ళాయమ్మ ఆ మనిషి ముఖం చూడలేదు. వీధిలో ఎదురైతే ఉమ్మేసి పక్కకు తప్పుకునేది. ఇప్పుడు ఆమె అతనివైపు చూసింది. తరువాత లేచి గుండిగలోకి తొంగిచూసింది. పులుసు ఆనిన చోటల్లా అంచు చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. ఆమె తిరిగివచ్చి విస్తరిని మడిచింది.

“ఏమ్మా, తినలేదే?” అన్నారు ఉపమంత్రి గారు ఆప్యాయంగా.

“మాయింట్లో ఒగరు తిన్యారు గద సామీ. సాలు.”

ఆమె నేరుగా తాడు దగ్గరికి నడిచింది.

“బుడన్నా, రేపు ఇంటికి రా. రెండు చెంబులు, ఒక గిన్నె ఉండాయి.”

బుడన్‌సాబ్ తాడును రెండు చేతులా పట్టుకున్నాడు.

“తగరం ఉండాదా లేదా?”

“ఉండాదమ్మా. ఉండాది.”

మిగతా పెద్దలందరూ పులుసును మెచ్చుకుంటూ తిన్నారు. ఫొటోగ్రాఫరు మొదటి ముద్దను పట్టుకోలేకపోయినందువల్ల ఉపమంత్రి గారు మారు వడ్డించుకున్నారు. తరువాత జరిగినదానిని సభ్యత కొద్దీ రాయడం లేదు. ఆసుపత్రిలో మంచాలు చాలక చాపలు పరిచారని మాత్రం చెప్పవచ్చు. ఒక్కరూ చావలేదు. అడ్వైజరు గారు ఈ విషయంలో కొంత నిరాశపడ్డా, చాప మీద నుంచే పద్దెనిమిదో అధ్యాయం మొదలుపెట్టారు.

మంచం మీద నుంచి ఉపమంత్రి గారు పత్రికలవారికి ప్రకటన చేశారు. పాత హంతకుడు మళ్ళీ విజృంభించాడు. పులుసులో విషం ఉందని తినకముందే అందరి ముందూ అరిచినవాడు ఒక్కడే. కలపనివాడికి ముందే ఎట్లా తెలుస్తుంది? కేసును తెరిచిన వెంటనే హంతకుణ్ణి పట్టిన ప్రభుత్వం దేశంలో ఇంకొకటి ఉంటే చూపించమని ఆయన సవాలు చేశారు. పత్రికలవారు రాసుకున్నారు.

పోలీసులు వచ్చేసరికి బుడన్‌సాబ్ కుళ్ళాయమ్మ గుమ్మం ముందు రెండో చెంబుకు తగరం రుద్దుతున్నాడు.

“ఆ చెంబన్నా కానీయండప్పా!” అని కుళ్ళాయమ్మ అడ్డుపడింది. వాళ్ళు కానివ్వలేదు. తళతళలాడే చెంబు ఒకటి, నల్లటి చెంబు ఒకటి సాక్ష్యంగా తీసుకుపోయారు. దారి పొడుగునా ఆడవాళ్ళు గుమ్మాలలోకి వచ్చి ఆ రెండు చెంబులనూ మార్చి మార్చి చూశారు.

మరునాడు పొద్దున స్టేషను తలుపు తీసిన ఇన్‌స్పెక్టరు గారు ఉలిక్కిపడ్డారు. ధర్మవరం ఆడవాళ్ళంతా గిన్నెలు, బిందెలు, గుండిగలు పట్టుకుని వీధి మలుపు దాకా వరుసగా కూర్చుని ఉన్నారు. ఆసుపత్రి చాపల మీద పడుకున్నవాళ్ళ పెండ్లాలు ముందున్నారు.

“ఏందమ్మా ఇది? వాడు హంతకుడు!”

“అయితే ఏమప్పా?” అంది అందరికంటే ముందున్న పుల్లమ్మ. “యాడికీ పోకుండా మీరే పట్టి పెట్టినారు గదా. పూసిచ్చేదాకా మేము గూడా పోము.”

ఇన్‌స్పెక్టరు గారు చట్టపుస్తకం తిరగేశారు. ముద్దాయి కళాయి పూయరాదని అందులో ఎక్కడా లేదు. పైగా ఆయన ఇంట్లో కూడా ఇత్తడే ఉంది. ఖైరున్‌బీని తిత్తితో లోపలికి రానిచ్చారు. స్టేషను పెరట్లో పొగ లేచింది. ‘మాది ముందు, మాది ముందు’ అని ఆడవాళ్ళు హంతకుడి చుట్టూ మూగారు. “ఏం బుడన్నా, బాగ సిక్కిపోయినావే” అని ఎవరో పలకరించారు. బుడన్‌సాబ్ తల ఎత్తకుండా పూస్తూనే ఉన్నాడు. చెమట తుడుచుకుంటున్నాడో, కళ్ళు తుడుచుకుంటున్నాడో పొగలో తెలియలేదు.

మధ్యాహ్నానికి ఈరన్న ఎద్దులబండి తోలుకుని వచ్చాడు. బండి నిండా పెద్ద పెద్ద గుండిగలు.

“జరగండి, జరగండి! మంత్రిగారింటివి. బుడన్, అమ్మగారు పంపినారు. బాగ పూయల్లంట. రేపు పొద్దునకంతా కావల్లంట.”

“రేపు ఏముండాది ఈరన్నా?”

“మీటింగు. నిన్ను ఉరి తీయల్లని అయ్యగారు మాట్లాడతారు. వచ్చినోళ్ళందరికీ భోజనాలు.”

ఖైరున్‌బీ చేతిలో తిత్తి ఆగిపోయింది. బుడన్‌సాబ్ బండి దగ్గరికి పోయి, ఒక గుండిగలో చెయ్యి పెట్టి అడుగంతా తడిమి, వేళ్ళు పైకెత్తి వెలుతురులో చూసుకున్నాడు.

“భోజనాల్లో పులుసుండాదా?”

“ఉండాది.”

“అయితే రెండు పూతలు పడల్ల” అన్నాడు. “ఊదు, ఖైరూ.”