రాజుగారి తల, మా సమాఖ్య కుర్చీ

చరిత్రను ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ప్రాణాలైనా అర్పిస్తామని అమెరికాలోని మా కాపెల్ ఊరి తెలుగు సమాఖ్య నియమావళి మొదటి పేజీలోనే రాసుకున్నాం! రెండో పేజీ ఎవరూ చదవలేదు. చదివుంటే అధ్యక్షుడి పదవీకాలం రెండేళ్ళేనని తెలిసేది. మా అధ్యక్షులు వీరభద్రరావుగారు పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నారు. ఒక్క సర్వసభ్య సమావేశమూ పెట్టలేదు. కార్యదర్శిని నేనే. ఆయన సంతకం పడ్డ చోటల్లా కింద నా సంతకం ఉంటుంది.

ఇంత ప్రశాంతంగా ఉన్న రోజుల్లో, ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి ప్రణవి ఉగాదికి నాటకం రాసింది. మాటలు తెలుగు, అక్షరాలు ఇంగ్లిషు. కథ ఇంగ్లండుది. చార్లెస్ అనే రాజు పదకొండేళ్ళు పార్లమెంటును పిలవకుండా ఏలాడు. చివరికి అవసరం పడి పిలిస్తే, వాళ్ళు ఎదురు ప్రశ్నలు వేశారు. మాటా మాటా పెరిగి యుద్ధమైంది. రాజు ఓడాడు, విచారణ జరిపి తల తీయించారు. చివరి సీనులో, గెలిచిన సేనాని క్రామ్‌వెల్ సైనికులతో వచ్చి అదే పార్లమెంటును బయటికి గెంటి తాళం వేస్తాడు.

రాజు పాత్ర ఎవరిదన్న చర్చే రాలేదు. అధ్యక్షులుండగా ఇంకొకరు కిరీటం పెట్టుకోవడం మర్యాదేనా! వీరభద్రరావుగారు సంతోషంగా ఒప్పుకుని, స్క్రిప్టు చదివాక మా ఇంటికి పరిగెత్తుకొచ్చారు.

"ఉగాది పూట స్టేజి మీద తల తీయడమేంటండీ, అశుభం. రాజుగారికి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి పంపించేద్దాం."

ప్రణవి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, నాలుగు నెలలు కూర్చుని రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తల తీయకపోతే రాజీనామా చేస్తానన్నాను. నేను పోతే హాలు బుక్ చేసేవాళ్ళు ఉండరని ఆయనకు తెలుసు. తల ఇవ్వడానికి ఒప్పుకున్నారు. భోజనాలకు ఆలస్యమవుతుందని చివరి సీను మాత్రం దీపావళికి వాయిదా వేశారు. అది నేను దగ్గరుండి వేయిస్తానని అమ్మాయికి మాటిచ్చాను.

ఉగాది నాడు విచారణ సీను వచ్చింది. న్యాయాధిపతి వేషంలో ప్రణవి తన అమెరికా యాసలో అడిగింది: "ఎలెవెన్ ఇయర్స్ మీటింగ్ ఎందుకు పెట్టలేదు?"

వీరభద్రరావుగారు డైలాగు మరిచిపోయారు. "కోరమ్ రాలేదమ్మా. డేట్స్ కూడా కుదరలేదు" అన్నారు.

జనం లేచి నిలబడ్డారు! ఆయన తల ఆ రోజు స్టేజి మీద పోయింది, కుర్చీ మరుసటి ఆదివారం సర్వసభ్య సమావేశంలో పోయింది. కొత్త అధ్యక్షుణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నన్నే! నామినేషన్ ఫారాలు నా దగ్గరే ఉండటం కూడా కొంత కలిసొచ్చింది.

దీపావళి దగ్గర పడింది. ప్రణవి చివరి సీను పట్టుకొచ్చింది. ఇన్నాళ్ళూ బాగానే ఉన్న సీను, అధ్యక్ష హోదాలో చదివితే ఎందుకో కొంచెం ఎబ్బెట్టుగా తోచింది.

"దీపావళి పూట తలుపులు మూయడమేంటమ్మా, లక్ష్మీదేవి వచ్చే వేళ" అన్నాను.

ప్రణవి ఈసారి ఏడవలేదు. "ప్రామిస్ చేశావు కదా నాన్నా" అని మాత్రం అంది. నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. అయినా అధ్యక్షుడన్నవాడు ఒకసారి అన్నాక వెనక్కి తీసుకుంటే సంస్థ ఏమైపోవాలి?

వారం తిరక్కుండా వీరభద్రరావుగారు అదే ఊళ్ళో రెండో తెలుగు సమాఖ్య పెట్టారు. మొదటి కార్యక్రమం మా అమ్మాయి నాటకమే, చివరి సీనుతో సహా! ముందుగా ఆయన భావప్రకటనా స్వేచ్ఛ మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత తనే క్రామ్‌వెల్ వేషం కట్టి స్టేజి మీది పార్లమెంటును బయటికి గెంటి, తాళం వేసేశారు. పిల్ల మొహం వెలిగిపోయింది. నేనూ లేచి చప్పట్లు కొట్టాను.

పక్క సీట్లో మా సమాఖ్య సభ్యుడు దివాకర్ నావైపు వంగాడు. "ఈ క్రామ్‌వెల్‌ని ఎక్కడో చూసినట్టుందండీ" అన్నాడు.

పాత అధ్యక్షుణ్ణి అప్పుడే మరిచిపోయారా అని మందలించాను.