సగం గుడ్డి డిటెక్టర్‌కు జై

సరిగ్గా పనిచేసే యంత్రమంత దరిద్రం లోకంలో ఇంకోటి లేదు. నమ్మరా? అయితే మా చెల్లెలి ల్యాబ్ సంగతి వినండి.

ఆమె కాంతి కణాలతో పనిచేస్తుంది. జంటగా పుట్టిన రెండు కణాలను చెరో మూలకూ తరిమినా, ఒకదాని తీరుకు ఇంకోదాని తీరు పొంతన కుదురుతుందట. ఈ బంధాన్ని ఎంటాంగిల్‌మెంట్ అంటారు. అది ఉందో లేదో తేల్చడానికి అటొక డిటెక్టర్, ఇటొక డిటెక్టర్. కణం తగిలితే టిక్కుమంటాయి.

టిక్కుమనాలి, అంతే. వచ్చిన కణాల్లో చాలావాటిని అవి చూడనే చూడవు.

"మరి దొరకనివాటి సంగతేంటి సార్?" అని అడిగింది చెల్లెలు.

"దొరికినవి ఎలా ఉన్నాయో అవీ అలాగే ఉంటాయనుకో తల్లీ," అన్నారు ల్యాబ్ డైరెక్టరు గారు.

ఎంత చల్లని మాట! ఆ లెక్కన పరీక్షకు రానివాళ్ళంతా ఫస్ట్ క్లాసే. నా కాలమ్ చదవనివాళ్ళంతా నా అభిమానులే. ఇంతకన్నా సుఖం ఏముంది?

మా చెల్లెలికి సుఖపడే రాత లేదు. ఏ బంధమూ లేని మామూలు కాంతిని అవే డిటెక్టర్లలోకి పంపి, అదే పద్ధతిలో లెక్కకట్టింది. అప్పుడూ బంధం ఉందనే వచ్చింది! డిటెక్టర్లు కొన్నిరకాల కణాలను చప్పున పట్టుకుని, కొన్నిటిని జారవిడుస్తున్నాయి. జారినవాటిని లెక్కలోంచి తీసేస్తే, మిగిలినవి ఒకదానికొకటి తెగ పొంతన కుదిరినట్టు కనిపిస్తున్నాయి.

బంధం దొరికిందని చాటుతూ అచ్చుకు వెళ్ళబోయే పరిశోధన పేపరు మీద మొదటి పేరు ఆమెదే. తిన్నగా డైరెక్టరు గారి గదికి వెళ్ళింది.

"మంచి డిటెక్టర్లు వచ్చేదాకా ఆగుదాం సార్. లేదంటే నా పేరు తీసేయండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరేనమ్మా, తీసేద్దాం," అన్నారు.

ఆమె పేరునే.

ప్రెస్‌మీట్ ఘనంగా జరిగింది. విలేకరిని కాబట్టి నేనూ వెళ్ళాను. చప్పట్లు తగ్గాక డైరెక్టరు గారు, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగారు. నా పక్కనే కూర్చున్న చెల్లెలు చెయ్యెత్తింది. ఆయన హాలంతా తీరిగ్గా కలయజూశారు.

"ఎవరికీ లేవన్నమాట. సంతోషం," అన్నారు.

చెల్లెలు చెయ్యి దించలేదు. ఫొటోలు తీయడం అయిపోయి, అందరూ టీకి లేచారు.

కొన్నాళ్ళకు వేరే ల్యాబ్ వాళ్ళు మంచి డిటెక్టర్లతో అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. దాంతో ఇక్కడి డిటెక్టర్లను రిపేరుకు పంపించారు.

డైరెక్టరు గారిని మాత్రం పంపలేదు.