ఫీల్‌కు భూతకాలం

ఆ శనివారం ఉదయం జయచంద్ర పెట్టుకున్న పని ఒక్కటే. మరమగ్గాలు మొదలుపెట్టేలోపు భార్యకు ఇంగ్లీషులో ఒక మెసేజ్ పంపాలి. బ్యాంకులో ప్రమోషన్ వచ్చి పంకజాక్షి పలమనేరుకు వెళ్లింది. ఆడిట్ ఉంది, ఈ వారం కూడా నగరిలో ఇంటికి రాలేనంది. కొత్త మేనేజరుతో ఇంగ్లీషే మాట్లాడాలి కాబట్టి, అలవాటు కావడానికి మెసేజీలు ఇంగ్లీషులోనే పెట్టుకుందామంది.

అది జయచంద్రకు నచ్చింది. నువ్వు లేకపోతే తోచదన్న మాట పెళ్లయి ఇన్నేళ్లయినా అతని నోట తెలుగులో రాలేదు. ఇంగ్లీషులోనైతే ఎవరో వేరే మనిషి అన్నట్టుంటుంది. రాత్రి మనసేం బాగాలేదని రాయబోయి, ఫీల్‌కు భూతకాలం దగ్గర ఆగాడు. మీట్‌కు మెట్, ఫీడ్‌కు ఫెడ్. ఆ లెక్కన ఫీల్‌కు ఫెల్. ఫోను కూడా ఒప్పుకుని, తక్కువైన ఒక 'ఎల్' తానే చేర్చింది. "లాస్ట్ నైట్ ఐ ఫెల్ వెరీ బ్యాడ్. నోబడీ ఇన్ హౌస్" అని పంపి, మగ్గాలు నడపడానికి వెళ్లాడు.

ఫెల్ అంటే పడ్డానని పంకజాక్షికి తెలుసు. గాభరాగా ఫోన్ చేసింది. మగ్గాల రొదలో అతనికి వినపడలేదు. మళ్లీ మళ్లీ చేసినా ఎత్తకపోయేసరికి, స్పృహలో లేడేమోనని వెనక వీధిలో ఉన్న ఆడబిడ్డ ఆదిలక్ష్మమ్మకు చెప్పింది. ఆమె, ఎముకలకు కట్టు కట్టే చెంగల్రాయుడిని ఆటోలో ఎక్కించుకుని వచ్చింది.

"రేయ్, యాడ పడినావురా?"

ఆ రొదలో జయచంద్రకు 'యాడ పెట్టినావురా' అని వినిపించింది. అక్క తాను నేయమన్న చీర కోసం వచ్చిందనుకుని, "మిద్దెమింద" అని అరిచాడు.

"మిద్దెమించంట!" అని ఆదిలక్ష్మమ్మ చెంగల్రాయుడిని ముందుకు తోసింది.

"మిద్దెమించి పడి నిలబడుండాడంటే లోపల్లోపల విరిగుంటాది" అన్నాడు చెంగల్రాయుడు. పనివాళ్లు జయచంద్రను ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఎవరో మోటార్లు ఆపేసరికి కట్టు మోకాలు దాటింది.

"నాకేం కాలేదన్నా."

"అందురూ అట్లే అంటారప్పా. నొప్పి రేపు తెలుస్తాది."

మధ్యాహ్నానికి పంకజాక్షి దిగింది. కట్టు చూసి మంచం మీద అతని పక్కన కూర్చుంది.

"ఎట్ల పడినావు?"

"పడలే. ఫీలయినానని రాసినా."

ఆమె ఫోన్ తీసి మరోసారి చదివింది. "దానికి ఫెల్ట్ అనాల."

"ఫెడ్‌కు లేని 'ట' దీనికి యాడిది?"

"అది పోనీలే. ఏమి ఫీలయినావు? తెలుగులో చెప్పు."

ఎదురుగా అక్క ఉంది, చెంగల్రాయుడున్నాడు. జయచంద్ర గోడవైపు తిరిగాడు.

"రాత్రి అన్నం తినబుద్ది కాలే. నీ మంచం దిక్కు సూడలేక వసారాలో పండుకున్నా. నువ్వు లేకుంటే నాకు బాగుండదు పంకజా."

కాఫీ పెడతానంటూ ఆదిలక్ష్మమ్మ లోపలికి వెళ్లింది. చెంగల్రాయుడు కట్టు విప్పబోయాడు.

"ఉండనీన్నా" అంది పంకజాక్షి, ఆ కాలిమీద చెయ్యి తీయకుండా. "మొగునికి కాలు విరిగిందని చెప్పి నాలుగు దినాలు లీవు పెట్టొచ్చినా."

ఆ నాలుగు రోజులూ జయచంద్ర ఒక్కసారి కూడా కుంటడం మరిచిపోలేదు.