ఒసాకా పెట్టెలో జగిత్యాల దుప్పటి

గురువారం పొద్దున ఖాజాబీ పెట్టుకున్న పని చాలా చిన్నది. టిఫిన్ గిన్నెలు కడిగేసి, పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే శాంతమ్మ దగ్గరికి వెళ్లి ఒక పెట్టె అడిగి తెచ్చుకోవాలి. దాంతో ఆదివారం ప్రయాణానికి అన్నీ సిద్ధమైనట్టే.

ప్రయాణం జపాన్‌లోని ఒసాకాకి. అల్ ఖౌద్‌లో రాబియా మేడమ్ ఇంట్లో ఖాజాబీ పదకొండేళ్లుగా వంట చేస్తోంది. రాయచోటి నుంచి వచ్చిన ఆమెకు ఒమాన్‌లో తెలిసిన చోట్లు మూడే: విమానాశ్రయం, ఈ వంటిల్లు, సెలవునాడు మనవాళ్లంతా చేరే హమ్రియా. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్‌కు మధ్యాహ్నాలు నిద్ర పట్టదు. ఇద్దరూ కలిసి ఒసాకా వీధుల్లో జనం తినే తిండి వీడియోలు చూసేవారు. ఆర్నెల్లు చూశాక మేడమ్ ఒకరోజు, "చూసింది చాలు, వెళ్లి తిందాం. నా మోకాళ్లకు తోడు కావాలి, నువ్వూ రా" అంది.

ఆనాటి నుంచి ఫ్రిజ్ మీద జాబితా పెరుగుతూ వచ్చింది. మొదటి రోజు కోట, రెండో రోజు చేపలు చూసే చోటు, మూడో రోజు కాలువలో పడవ. తిండికి వేరే కాగితం: హలాల్ నూడుల్స్ దొరికే దుకాణాలు మూడు, పెనం మీద కాల్చే క్యాబేజీ అట్టు, ఆక్టోపస్ ముక్క పెట్టి గుంతల పెనంలో పోసే ఉండలు. ఆ ఉండల్ని చూసి ఖాజాబీ, ఇవి మా గుంతపొంగణాలే కదా అని తేల్చేసింది. జపాన్‌వాళ్లలా రెండు పుల్లలతో తినడం అలవాటు కావాలని వారం రోజులుగా బెండకాయ వేపుడు పుల్లలతోనే తింటోంది. ఆ వారంలో ఆమె కాస్త చిక్కింది కూడా.

అయితే ఈ సంగతి విమానం ఎక్కేదాకా ఎవరికీ చెప్పకూడదని ఆమె పట్టుదల. దిష్టి తగులుతుందని భయం. అందుకే శాంతమ్మ గుమ్మంలో నిలబడి పొడిపొడిగా అడిగింది.

"శాంతమ్మా, నీ పెద్ద పెట్టె ఉండాదే, అది ఇస్తావా? ఆదివారం పోతాండా."

"ఓలమ్మో వదినా, ఇన్నాళ్లూ చెప్పలేదేంటి! నెల రోజులుంటావా?"

"ఎనిమిది రోజులే."

"ఎనిమిది రోజులకి ఎల్లడం ఏంటి? ఇంటికాడ ఎవరికన్నా బాగోలేదా?"

"అందరూ బాగుండారు గానీ, నువ్వు ముందు పెట్టె ఇయ్యి మే."

గల్ఫ్‌లో పెట్టె అరువు అడిగినవాళ్లను ఎక్కడికని ఎవరూ అడగరు. ఇంటికే పోతారు. ఇంటికి పోయేవాళ్ల పెట్టెలో తమ సామాను కూడా కాస్త పంపుకోవడం అక్కడ అందరికీ ఉన్న హక్కు. శాంతమ్మ పెట్టె ఇచ్చి, తలుపు వేసి, ఫోన్ తీసింది. మధ్యాహ్నానికి వార్త హమ్రియా చేరింది. సాయంత్రానికి ఎక్కడో దూరాన ఉన్న సహం ఊరి దాకా పోయింది.

శుక్రవారం ఖాజాబీ హమ్రియాలో దిగేసరికి టీ కొట్టు ముందు పదకొండు మంది సంచులతో కాచుకుని ఉన్నారు. పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, అత్తరు సీసాలు, ఒక ఇస్త్రీ పెట్టె. ప్రతి సంచికీ టేపు చుట్టి ఉంది, టేపు మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు. అందరికంటే ముందు పోచన్న నిలబడ్డాడు. సహంలో బిల్డింగ్ సైట్‌లో పనిచేసే అతను ఇందుకోసమే తెల్లారి బయలుదేరి వచ్చాడు. అతని చంకలో ఆరు కిలోల దుప్పటి, దాని మీద నోరు తెరిచిన పులి.

"అక్కా, మా అమ్మ సలికి ఆగుతలేదు. గీ దుప్పటొక్కటి కొండవో. చెన్నైల దిగినంక జగిత్యాలకు పార్సిల్ జెయ్యి, గంతే."

ఇక దిష్టి సంగతి పక్కనబెట్టి నిజం చెప్పక తప్పదని ఖాజాబీకి అర్థమైంది.

"నేను ఊరికి పోవడంలేదప్పా. జపాన్‌కు పోతాండా."

"జపాన్ల ఏం డ్యూటీ అక్కా?"

"డ్యూటీ గాదు. చూసేదానికి, తినేదానికి."

టీ కొట్టు మొత్తం పగలబడి నవ్వింది. పోచన్న ఒక్కడే నవ్వలేదు.

"సామాన్ తీస్కపోనోళ్లను శానమందిని జూసినక్కా. ఒగడు నడుం నొప్పన్నడు. ఒగడు పెట్టె చక్రం ఊడిందన్నడు. గని జపాన్ అన్నదానివి నువ్వే మొదలు. ఇష్టం లేకుంటే లేదను, పరాచికాలెందుకు?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. మనవడి ఉయ్యాల గుడ్డ దగ్గర్నుంచి ఈ పదకొండేళ్లలో ఎందరి పెట్టెల్లో ఎన్ని పంపలేదు తను? "సరే, ఇట్ల ఇయ్యప్పా" అని దుప్పటి అందుకుంది. పోచన్నకు సరే అన్నాక మిగతా పదిమందికి కాదనే దారి లేకపోయింది. రాయచోటివాడే అయిన జిలాని తన పికప్‌లో ఆ సామానంతా ఇంటిదాకా చేర్చాడు. చేర్చినందుకు తన సంచి కూడా అందులో కలిపాడు.

ఒసాకా విమానంలో ఇరవై మూడు కిలోల పెట్టె ఒక్కటే తీసుకెళ్లనిస్తారు. తూస్తే వచ్చినవి నలభై ఒక్క కిలోలు. తర్వాత ఊరికి పోయేవాళ్లెవరికైనా అంటగడదామనుకుని, మేడమ్ కంటపడకుండా కొన్ని సంచులు వాషింగ్ మెషీన్ వెనక, కొన్ని మంచం కింద దాచింది. పులి ఎక్కడా పట్టలేదు. దాన్ని ఇస్త్రీ బల్ల మీద మడిచి, పైన మేడమ్ బయటికి తొడుక్కునే నల్లటి అబాయాలు పెట్టింది.

శనివారం పొద్దున మేడమ్ అబాయా కోసం వచ్చింది. అబాయా తీస్తే పులి కనిపించింది. ఇదేమిటని వెతికితే మెషీన్ వెనక సంచులు కనిపించాయి. తెలుగు రాకపోయినా టేపు చుట్టిన సంచి అంటే ఏమిటో ఆమెకు తెలుసు. పక్కింటి వంటమనిషి ఇలాగే సంచులకు టేపులు చుట్టుకుని తన ఊరికి వెళ్లిపోయింది.

మేడమ్ మంచి మనిషి. అందుకే అడగలేదు, ఊహించుకుంది. ఖాజా ఇంటి మీద బెంగ పెట్టుకుంది, నా మాట కాదనలేక జపాన్‌కు సరే అంది, ఆ బెండకాయ ముక్కలు పుల్లలతో తింటూ ఎంత బాధపడిందో అనుకుని నొచ్చుకుంది. వెంటనే మేనల్లుడు కమ్రాన్‌కు ఫోన్ చేసి, ఒసాకా టికెట్లు రెండూ రద్దు చేసి, ఖాజాకు చెన్నై టికెట్ తియ్యమంది.

మధ్యాహ్నం ఖాజాబీ అన్నం వడ్డిస్తుంటే చెన్నై కాగితం ఆమె చేతిలో పెట్టింది. వాళ్లిద్దరి మధ్య మాటలెప్పుడూ ఉర్దూలోనే.

"రేపు మీ ఊరికి వెళ్లు ఖాజా. నెల రోజులు ఉండి రా. నాకేం కోపం లేదు."

ఖాజాబీ గరిటె వదిలేసి అక్కడే కూలబడి ఏడ్చింది. అది సంతోషమనుకుని మేడమ్ కూడా ఏడ్చింది. కాసేపు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర వేర్వేరు కారణాలకు ఏడ్చారు. చివరికి ఖాజాబీయే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఊరికి రెండేళ్లకోసారి పోతూనే ఉన్నా మేడమ్. దిగిన గంటకే పొయ్యి ముందు ఉంటా. ఇక్కడా పొయ్యే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వేరేవాళ్లు వండింది కూర్చుని తిందామని ఆశపడ్డా. నాకు ఒసాకా కావాలి."

తర్వాత పెట్టె సంగతి, టీ కొట్టు సంగతి, పులి సంగతి వరసగా చెప్పింది. మేడమ్‌కు నవ్వొచ్చింది. టికెట్లు గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. వెంటనే కమ్రాన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"చెన్నైది తీశాను కదా అత్తా."

"ఒసాకావి రద్దు చేశావా?"

కమ్రాన్ నసిగాడు. "అది... మ్యాచ్ అయ్యాక చేద్దామని..."

"అంటే చెయ్యలేదా?"

"కోప్పడకత్తా, ఇప్పుడే చేసేస్తా, ఐదు నిమిషాలు..."

"ముట్టుకోకు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. పాతికేళ్లుగా బద్ధకస్తుడని తిట్టిన మేనల్లుణ్ని మేడమ్ ఆ పూట మొదటిసారి మనసారా దీవించింది. చెన్నై టికెట్‌ను రెండు వారాలు వాయిదా వేయించింది. సంచులన్నీ ఖాజాతోనే వెళ్లేలా చూసే బాధ్యత కూడా కమ్రాన్‌కే అప్పగించింది.

ఒసాకాలో ఖాజాబీ కోట చూసింది, పడవెక్కింది. ఆక్టోపస్ పొంగణం నమిలి, కారం చాల్లేదని పెదవి విరిచి, ఆరు తింది. నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని. పళ్లెం తెచ్చిన అమ్మాయి వంగి దండం పెడితే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో వడ్డిస్తే తినడం ఇంత బాగుంటుందని తెలియదని మేడమ్‌తో అంది. కోట ముందు తీయించుకున్న ఫొటో హమ్రియా వాళ్లకు పంపింది. పోచన్న మాట రికార్డు చేసి బదులిచ్చాడు.

"ఫోన్లల్ల గిప్పుడు ఏదన్న జేస్తరు గనీ అక్కా, దుప్పటి యాడిదాంక వొయ్యింది?"

మరో వారానికి ఖాజాబీ నలభై ఒక్క కిలోలతో చెన్నై విమానం ఎక్కింది. ఆ శుక్రవారం టీ కొట్టు దగ్గర శాంతమ్మ గ్లాసు పట్టుకుని, "నే ముందే చెప్పలేదేంటి, వదిన ఇంటికే ఎల్తందని?" అని అందర్నీ నిలదీసింది.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, తేదీ ఒక్కటే కాస్త తేడా పడింది.